కీమో తర్వాత నోటిపూత: ఇంట్లో చేయాల్సిన సేవ

కీమో ఎక్కించిన 5 నుంచి 10 రోజుల్లో చాలామందికి నోరు పూస్తుంది. పుండ్లు కనిపించేదాకా ఆగొద్దు, మొదటి రోజు నుంచే పుక్కిలింత మొదలుపెట్టండి.

లీటరు నీళ్లు మరిగించి గోరువెచ్చగా చల్లార్చాలి. టీస్పూన్ ఉప్పు, టీస్పూన్ వంటసోడా కలపాలి. బేకింగ్ పౌడర్ వేరే, అది వద్దు. తిన్న ప్రతిసారీ, పడుకునే ముందు, పగలు నాలుగు గంటలకోసారి అర నిమిషం పుక్కిలించి ఉమ్మేయాలి, మింగకూడదు. మిగిలింది మర్నాటికి ఉంచొద్దు. బజారులో దొరికే ఘాటు మౌత్‌వాష్‌లలో ఆల్కహాల్ ఉంటే పుండు మండి, నోరు మరింత ఎండిపోతుంది.

బ్రష్ బాగా మెత్తనిది వాడాలి. కట్టుడు పళ్లుంటే రాత్రి తీసేయాలి.

ఆవకాయ, పులుసు, వేడి వేడి కాఫీ కొన్నాళ్లు పక్కన పెట్టండి. చల్లార్చిన రాగిజావ, మెత్తటి పప్పన్నంలో నెయ్యి, పాలలో నానబెట్టిన ఇడ్లీ దిగుతాయి. డాక్టరు మొద్దుబార్చే జెల్ రాసిస్తే తినబోయే ముందు పూయండి. నోరు తిమ్మిరెక్కి ఉంటుంది గనుక కూర్చోబెట్టి చిన్న ముద్దలే పెట్టాలి. తినమని బతిమాలేవాళ్లు ఇంట్లో ఎప్పుడూ ఉంటారు. నొప్పి తగ్గించకుండా బతిమాలితే లాభం లేదు.

తెల్లటి పొర కడితే ఫంగస్ కావచ్చు, నర్సుకు చూపించండి. జ్వరం 100.4 ఫారెన్‌హీట్‌కు చేరినా, దాటినా పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడొద్దు. కీమో వల్ల రక్తంలో తెల్లకణాలు పడిపోయినప్పుడు ఇన్ఫెక్షన్ గంటల్లోనే ముదురుతుంది. అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లి, కీమో తేదీ ముందుగా చెప్పండి.