జిరాలో టెస్ట్ రిజల్ట్స్ ఎలా రాయాలి?

భీమవరంలో ఇంటి నుంచే యాప్‌ల టెస్టింగ్ పని చేస్తాను. టీమ్ పనులూ తప్పులూ టికెట్లుగా రాసుకునే సాఫ్ట్‌వేర్ జిరా. అందులో రోజూ రిజల్ట్స్ రాస్తాను, వేరేవాళ్లు రాసినవీ చదువుతాను. 'పని చేయట్లేదు' అని ఒక్క ముక్క రాసి వదిలేసిన టికెట్లు చూసీ చూసీ విసుగొచ్చింది.

కావలసినవి టెస్ట్ కేసులు (ఏం చేస్తే ఏం రావాలో రాసుకున్న పరీక్షలు), బిల్డ్ నంబరు (యాప్‌లో ఏ కాపీని చూస్తున్నామో చెప్పే అంకె), స్క్రీన్ రికార్డ్ చేయగల ఫోను. టెస్ట్ కేసుల కోసం చాలామంది జిరాకి ఎక్స్‌రే, జెఫిర్ లాంటి యాడాన్ తగిలిస్తారు. లేకపోతే ఫీచర్ టికెట్ కింద సబ్‌టాస్క్ (దానికి అనుబంధంగా చిన్న టికెట్) పెట్టుకున్నా చాలు. ఎక్సెల్ షీట్ నింపి మెయిల్ చేయడం మాత్రం మానేయండి. నాలుగు రోజులకు ఏది చివరి కాపీయో ఎవరికీ తెలియదు. జిరాలో అయితే ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో హిస్టరీలో ఉంటుంది.

1. బిల్డ్ నంబరు, ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్ ముందే రాయండి.

2. ప్రతి కేసుకీ పాస్, ఫెయిల్, బ్లాక్డ్, నాట్ రన్ వీటిలో ఒకటి పెట్టండి. సర్వర్ డౌన్ అయి కేసు నడపలేకపోతే అది బ్లాక్డ్, ఫెయిల్ కాదు. చేయని కేసుకి పాస్ పెట్టడం ఘోరమైన తప్పు.

3. ఫెయిల్ అయితే బగ్ (యాప్‌లో తప్పు) టికెట్ రాయండి. అందరూ పాడు చేసేది ఇక్కడే. ఇక్కడ నిదానించండి.

వరదల రోజుల్లో మా వైపు ఎవరూ 'గోదారి బాగా పెరిగింది' అంటే ఊరుకోరు. ధవళేశ్వరం దగ్గర ఎన్ని అడుగులుంది, అది ఎన్ని గంటల లెక్క అని అడుగుతారు. 11.75 అడుగులైతే మొదటి హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. ఆ అంకెను బట్టే లంకల్లో వాళ్లు సామాను సర్దుకుంటారు. డెవలపర్‌కీ అలాంటి అంకె కావాలి.

రొయ్యల చెరువుల లెక్కలు రాసుకునే యాప్ ఒకటి టెస్ట్ చేశాం. మా టీమ్‌లో ఒకరు 'మేత లెక్క తప్పు వస్తోంది' అని టికెట్ పెట్టారు. డెవలపర్ ఆఫీసు వైఫైలో చూసి, 'నా దగ్గర బాగానే ఉంది' అని క్లోజ్ చేశారు. రెండు రోజులు పోయాయి. చెరువు గట్టు మీద సిగ్నల్ పోతుందన్న సంగతి టికెట్‌లో లేదు మరి. తర్వాత నేను ఇలా రాశాను:

టైటిల్: మేత స్క్రీన్ - నెట్ లేనప్పుడు సేవ్ రెండుసార్లు నొక్కితే రెండు ఎంట్రీలు పడుతున్నాయి.
చేసింది: ఏరోప్లేన్ మోడ్ పెట్టాను. 3వ చెరువుకి 40 కిలోలు కొట్టి సేవ్ నొక్కాను. చక్రం తిరుగుతూనే ఉంది. 5 సెకన్లాగి మళ్లీ నొక్కాను. నెట్ ఆన్ చేశాను.
రావలసింది: ఒక ఎంట్రీ, 40 కిలోలు.
వచ్చింది: రెండు ఎంట్రీలు, 80 కిలోలు. 5 సార్లు చేస్తే 5 సార్లూ ఇంతే.

ఆ సాయంత్రమే కారణం దొరికింది.

టైటిల్ స్క్రీన్ పేరుతోనే మొదలవ్వాలి. 'అర్జెంట్' అన్న మాట అందులో ఉండకూడదు. 'డేటాబేస్‌లో తప్పుంది' లాంటి మీ ఊహ 'వచ్చింది' కింద రాయకండి, కామెంట్‌లో పెట్టండి. ఊహ తప్పైతే డెవలపర్ ఆ దారినే పోయి పూటంతా వెతుకుతారు. ఒక టికెట్‌లో ఒక్క బగ్గే. రెండు పెడితే ఒకటి సరిచేసి మొత్తం క్లోజ్ చేసేస్తారు. వీడియో 30 సెకన్లు దాటకూడదు.

4. బగ్ టికెట్‌ని టెస్ట్ కేసుకి లింక్ చేయండి. సివియారిటీ (బగ్ ఎంత తీవ్రమో) మీరు చెప్పండి, ప్రయారిటీ (ఎంత త్వరగా సరిచేయాలో) మేనేజర్‌కి వదిలేయండి.

5. ఫిక్స్ వచ్చాక కొత్త బిల్డ్‌లో అవే స్టెప్స్ మళ్లీ చేసి, ఆ బిల్డ్ నంబరు కామెంట్‌లో రాసి, అప్పుడు క్లోజ్ చేయండి. అదే బగ్ మళ్లీ కనిపిస్తే కొత్త టికెట్ వద్దు, పాతదాన్నే రీఓపెన్ చేయండి. ముందు ఏం ప్రయత్నించారో అంతా అక్కడే ఉంటుంది.