ఊకతో ఊరికి కరెంటు: చిన్న గ్యాసిఫైయర్ పెట్టుకునేవారు తెలుసుకోవలసినవి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలు కూడా వేల సంఖ్యలో నేలకూలాయి. మంచినీటి మోటారు తిప్పడానికి ఊళ్లకు ఊళ్లు డీజిల్ జనరేటర్ల కోసం రోజుల తరబడి ఎదురుచూడవలసి వచ్చింది. శ్రీకాకుళం జిల్లాలో ఏ మిల్లు వెనక్కి వెళ్లి చూసినా ఊక గుట్టలుగా కనిపిస్తుంది. దానితో కరెంటు తీయడం కొత్త విద్య కాదు. బీహార్‌లో పశ్చిమ చంపారన్ జిల్లా తమ్‌కుహా గ్రామంలో 2007లోనే ఊక గ్యాసుతో ఇళ్లలో దీపాలు వెలిగించారు. ఊకను గ్యాసుగా మార్చే గ్యాసిఫైయర్‌తో ఇక్కడ ఆ పని తలపెట్టేవారు ముందు ఏమి చూసుకోవాలో, తరువాత ఏమి చేయాలో చెప్పడానికే ఈ వ్యాసం.

యంత్రం ధర అడగడంతో పని మొదలుపెట్టకూడదు. ఊళ్లో పగలు ఎవరెవరు ఎంత కరెంటు వాడతారో ఇల్లిల్లూ, షెడ్డు షెడ్డూ తిరిగి రాసుకోవడమే మొదటి పని. కారణం లెక్క వేస్తే తెలుస్తుంది. 20 కిలోవాట్ల యంత్రాన్ని సాయంత్రం 6 నుంచి రాత్రి 12 వరకు సగటున 15 కిలోవాట్ల లోడుతో నడిపితే 90 యూనిట్లు వస్తాయి. యూనిట్‌కు సుమారు 1.8 కిలోల ఊక పడుతుంది కనుక, కిలో 3 రూపాయలకు దొరికిందనుకుంటే ఊక ఖర్చు 5 రూపాయల 40 పైసలు. అయితే యంత్రం దగ్గర పనిచేసే ఇద్దరికి రోజుకు 400 రూపాయల చొప్పున ఇస్తే ఆ కూలి ఒక్కటే యూనిట్‌కు 9 రూపాయలకు చేరుతుంది. అదే ఇద్దరితో పగలు పిండిమరకో, వెల్డింగు షాపుకో, జీడిపప్పు షెడ్డుకో మరో 90 యూనిట్లు అమ్మగలిగితే కూలి భారం సగానికి దిగుతుంది. ఊక కరెంటు చవకా, ఖరీదా అన్నది ఇక్కడే తేలుతుంది. పగటి లోడు లేని ఊరికి ఈ యంత్రం పెట్టమని నేను సలహా ఇవ్వను. మరమ్మతులు, తరుగుదల కూడా కలిపితే ఇది డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) మొదటి శ్లాబు ధరతో ఎలాగూ పోటీపడలేదు, పోల్చుకోవలసింది డీజిల్‌తో. చిన్న జనరేటరు యూనిట్‌కు సుమారు మూడో వంతు లీటరు తాగుతుంది, అంటే నేటి ధరల్లో 30 రూపాయల మాట.

తరువాత ఊక సంగతి. ధాన్యం బరువులో ఊక దాదాపు అయిదో వంతు ఉంటుంది. 80 కిలోల బస్తా ఆడిస్తే 16 కిలోల ఊక, దాని నుంచి 9 యూనిట్ల వరకు కరెంటు. ఉప్పుడు బియ్యం మిల్లులు తమ ఊకను తమ బాయిలర్లలోనే కాల్చుకుంటాయి కాబట్టి పచ్చి బియ్యం ఆడే మిల్లును చూసుకోవాలి. ఇటుక బట్టీల వారు కూడా ఊక కొంటారు. యంత్రం వచ్చిందని తెలిసిన మరుసటి నెలే ధర పెరగకుండా ఏడాదికి సరిపడా ఒప్పందం కాగితం మీద రాయించుకోవాలి. వరిగడ్డి జోలికి మాత్రం పోవద్దు. అది పశువుల మేత. పైగా దాని బూడిదలో పొటాషియం ఎక్కువగా ఉండడంవల్ల వేడికి కరిగి గడ్డకట్టి, బూడిద రాలే జాలీని మూసేస్తుంది. జీడిపిక్కల తొక్కలో ఘాటైన నూనె ఉంటుంది కనుక చిన్న యంత్రానికి అదీ పనికిరాదు. కొబ్బరి చిప్పలు, నార తీసిన గోగు పుల్లలు, గింజ ఒలిచిన మొక్కజొన్న కండెలు మంచి ఇంధనాలే కానీ, ఊకకు చేసిన గ్యాసిఫైయర్ వేరు, ముక్కలుగా కొట్టిన కట్టెకు చేసినది వేరు. ఏది ఏడాది పొడవునా దొరుకుతుందో తేల్చుకున్నాకే యంత్రం ఎంచుకోవాలి.

ఊక తేలిక, చోటు మాత్రం చాలా తింటుంది. ఘనపు మీటరుకు 100 కిలోలకు అటూ ఇటూగానే పడుతుంది. వానాకాలం నాలుగు నెలలకు, సాయంత్రపు 90 యూనిట్లకే రోజుకు 160 కిలోల చొప్పున నిల్వ చేయాలంటే 10 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల షెడ్డు కావాలి. చాలామంది బడ్జెట్‌లో ఈ షెడ్డును మరచిపోతారు. తేమ 15 శాతం దాటకూడదు. పరీక్షించడం సులువే: 100 గ్రాముల ఊకను మూకుడులో మాడకుండా సన్నసెగ మీద వేయించి, బరువు తగ్గడం ఆగేదాకా తూస్తే, తగ్గిన గ్రాములే తేమ శాతం.

గ్యాసిఫైయర్‌లో ఊకను చాలినంత గాలి ఇవ్వకుండా కాలుస్తారు. మంట పూర్తిగా రగలకపోవడంవల్ల కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ కలిసిన గ్యాసు పుడుతుంది. అందులో దాదాపు సగం నైట్రోజనే. డీజిల్ ఇంజనులో ఈ గ్యాసు కలిపితే 70 శాతం దాకా డీజిల్ ఆదా అవుతుంది. స్పార్క్ ప్లగ్గుతో నడిచే గ్యాసు ఇంజనుకు డీజిల్ అసలే అక్కర్లేదు. ముట్టించిన కొద్దిసేపటి వరకు తెల్లటి దట్టమైన పొగ వస్తుంది. ఆ సమయంలో ఇంజనుకు గ్యాసు వదలకూడదు. గ్యాసును బయట మండించి చూసే ఫ్లేర్ గొట్టం దగ్గర పొగ తగ్గి, మంట ఆగకుండా నిలకడగా మండేవరకు ఓపిక పట్టాలి. గ్యాసుతో పాటు తారు వచ్చిందో లేదో చూడడానికి పరీక్ష కొళాయి వద్ద శుభ్రమైన తెల్లగుడ్డను కొన్ని నిమిషాలు గ్యాసుకు పట్టండి. గుడ్డ గోధుమరంగుకు తిరిగి చేతికి జిగటగా తగిలితే ఫిల్టర్లు మార్చాల్సిందే. ఆ రోజుకు నడిపేద్దామనుకుంటే వాల్వులు పట్టేసి ఇంజను విప్పవలసి వస్తుంది. గ్యాసును శుభ్రం చేయడానికి కడిగిన నీటిలో ఫినాల్ వంటి విషాలుంటాయి, ఒక్క బకెట్ కూడా చెరువులోకి పోకూడదు. తొట్టి కట్టి, తేర్చి, ఆ నీటినే తిరిగి వాడాలి.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, ప్రాణం మాత్రం తీస్తుంది. కనుక గ్యాసిఫైయర్‌ను నాలుగు గోడల మధ్య పెట్టకండి. పైన రేకులు, చుట్టూ గాలి ఉంటే చాలు. గ్యాసు కనిపెట్టే అలారం తప్పనిసరిగా ఉండాలి, పనివారు అక్కడ నిద్రపోకూడదు. రెండో ప్రమాదం తీగలది. లైను పోయినప్పుడు మన కరెంటు ఇక్కడి డిస్కం అయిన ఈపీడీసీఎల్ తీగల్లోకి ఎదురు వెళ్తే స్తంభమెక్కిన లైన్‌మన్ చనిపోతాడు. రెండూ ఎప్పటికీ కలవకుండా ఛేంజోవర్ స్విచ్, సరైన ఎర్తింగు లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతనే పెట్టించాలి. 2003 విద్యుత్ చట్టం 14వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేసిన గ్రామీణ ప్రాంతంలో సొంతంగా ఉత్పత్తి చేసి పంపిణీ చేసేవారికి లైసెన్సు అక్కర్లేదు కానీ భద్రతా నియమాలన్నీ వర్తిస్తాయి. మీ ఊరి సంగతిని ఈపీడీసీఎల్‌కు, రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ ఎన్‌ఆర్‌ఈడీక్యాప్‌కు రాసి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

ఊక బూడిదలో సిలికా ఎక్కువ. గాలికి ఎగిరితే ఊపిరితిత్తులకు చేటు కాబట్టి తడిపి ఎత్తాలి. మిగిలే బొగ్గుతో బీహార్‌లో ఆడవాళ్ల చేత అగరుబత్తీలు చేయించారు. మన దగ్గర ఇటుకల వారికి, పొలాలకు పోతుంది.

ఏటా తుపాన్లు వచ్చే అక్టోబరు రాకముందే పది రోజులకు సరిపడా ఊకను, అంటే సుమారు 1,600 కిలోలను, పక్కా శ్లాబు కింద ఎత్తయిన అరుగు మీద వేరుగా దాచి, ఆ గదికి తాళం వేయండి. యంత్రం నుంచి మంచినీటి ట్యాంకు మోటారు దాకా ఒక్క లైనును మాత్రం భూమిలో కేబులుగా వేయించండి. స్తంభాలన్నీ పడిపోయినా ఊరికి నీళ్లు అందుతాయి.