ఓపిక లేని రాత్రికి పులగం కవర్లు

నాన్నకి కీమో, పిల్లలకి పరీక్షలు, పైగా నాకు జ్వరం. రాత్రి 8కి ఆస్పత్రి నుంచి వచ్చి పొయ్యి ముందు నిలబడితే ఏం వండాలో తోచేది కాదు.

ఇప్పుడు ఆదివారమే 5 కవర్లు కట్టి పెట్టుకుంటున్నాను. ఒక్కోదాంట్లో గ్లాసు బియ్యం, దోరగా వేయించి చల్లార్చిన పెసరపప్పు అర గ్లాసు. లోపలే చిన్న పొట్లం: చెంచా జీలకర్ర, 10 మిరియాలు, చిటికెడు పసుపు. రాగానే బియ్యం, పప్పు కడిగి, పొట్లం విప్పి పోసి, 6 గ్లాసుల నీళ్లు, ఉప్పు, చెంచా నెయ్యి వేసి కుక్కర్లో 4 విజిల్స్. స్టవ్ ఆపేశాక ఆవిరి దిగేలోపు కాసేపు నడుం వాలుస్తాను. నాకు అసలు లాభం ఆ పావుగంటే.

పప్పు వేడిగా ఉండగానే కడితే చెమ్మ పట్టి ముక్కవాసన వస్తుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకైతే పప్పు, ఉప్పు ఎంత వేయొచ్చో డాక్టర్ని అడిగాకే పెట్టండి.