క్యారెక్టర్ నటన, ఇంటి దగ్గరే సాధన – 4వ పాఠం: కోపాన్ని ఆపుకోవడం

గత పాఠంలో ఎదుటివాళ్ళ డైలాగ్ పూర్తయ్యేదాకా మన డైలాగ్ ఊసే తలవకుండా వినడం సాధన చేశాం. ఈ పాఠం దాని మీదే నడుస్తుంది. విన్నదాని వల్ల కోపం రావాలి, దాన్ని ఆపుకోవాలి, చివరికి ఆపుకోలేకపోవాలి.

కోపం నటించమంటే కొత్తవాళ్ళు చాలామంది మొదటి మాటకే గొంతు పెంచేస్తారు. అక్కడితో సీను అయిపోయినట్టే. ఇంకా పైకి వెళ్ళడానికి మెట్టు ఉండదు, చూసేవాళ్ళకి ఎదురుచూడటానికి ఏమీ మిగలదు. ఒక మనిషి అరవకూడదని నానా తంటాలు పడుతుంటే మాత్రం జనం కళ్ళప్పగించి చూస్తారు, నవ్వుతారు. అమెరికన్ హాస్యనటులు దీన్ని స్లో బర్న్ అంటారు. లారెల్, హార్డీల పొట్టి చిత్రాల్లో కనిపించే ఎడ్గర్ కెన్నెడీకి అది బిరుదులా స్థిరపడిపోయింది. బట్టతల, బలమైన శరీరం, అరచేతిని నుదుటి నుంచి గడ్డం దాకా మెల్లగా లాగడం ఆయన గుర్తులు. అయితే మనం నేర్చుకోబోయేది ఇంకొకాయన దగ్గర. చెయ్యి, ముఖం కనిపించని రేడియోలో ఈ పనిని సాధించి, తర్వాత టీవీకి తెచ్చిన గేల్ గోర్డన్ దగ్గర.

గోర్డన్ 1906లో న్యూయార్క్‌లో పుట్టాడు. తల్లి గ్లోరియా గోర్డన్ కూడా నటే. 1930లలో రేడియోలో స్థిరపడ్డాడు. ఆయనకి పేరు తెచ్చిన పాత్రల్లో మొదట చెప్పుకోవలసింది ‘ఫిబ్బర్ మెగీ అండ్ మాలీ’ అనే రేడియో కార్యక్రమంలోని మేయర్ లా ట్రివియా. ఈ మేయర్ మంచి హుందాతనంతో మెగీ దంపతుల ఇంటికి వస్తాడు. మాటల మధ్యలో ఏదో ఒక నానుడి వాడతాడు. ఆ దంపతులు దాన్ని ఉన్నదున్నట్టుగా అర్థం చేసుకుని ప్రశ్నలు మొదలుపెడతారు. ఆయన ఓపిగ్గా వివరిస్తాడు. వివరించినకొద్దీ ముడి బిగుసుకుంటుంది. చివరికి మాటలు తలకిందులై, నాలుక మడతపడి, ఏ పదం ఎక్కడ పెట్టాలో తెలియక మేయరుగారు కుదేలైపోతాడు. రేడియోలో ఇదంతా ఒక్క గొంతుతోనే తెలియాలి. ఊపిరి, పదాల మధ్య ఎడం, అక్షరాల మీద పడే ఒత్తిడి తప్ప ఆయన చేతిలో ఇంకేమీ లేవు. అందుకే ఆ రికార్డింగులు ఇప్పటికీ గొప్ప పాఠ్యపుస్తకం. దొరికితే కళ్ళు మూసుకుని వినండి.

ఆ పద్ధతిలోనే మన మాటలతో ఒక చిన్న సీను రాశాను. ఒక ఆఫీసరు, ఒక పెద్దావిడ. ఆఫీసరు మీరు.

‘మీ ఫైలు కోసం కాలికి బలపం కట్టుకుని తిరిగానమ్మా.’
‘అయ్యో! ఏ కాలికి బాబూ?’
‘అంటే... నిజంగా బలపం కాదండీ. మాటవరసకి అన్నాను.’
‘మాటవరసకి మాత్రం ఎందుకు కట్టుకోవడం? నడవడానికి ఇబ్బంది కాదూ?’
‘నేను కట్టుకోలేదమ్మా.’
‘ఇప్పుడేగా కట్టుకున్నానన్నారు?’
‘అన్నాను. కానీ కట్టుకోలేదు.’
‘అయితే నా ఫైలు కోసం తిరగలేదన్నమాట.’
‘తిరిగాను! బలపానికి కాలు కట్టుకుని... కాదు, ఫైలుకి బలపం తిరిగి... కాలు లేకుండా కట్టుకుని...’
కాసేపు నిశ్శబ్దం.
‘నేను వెళ్ళొస్తానమ్మా.’

ముందు ఒక ప్రశ్నకి జవాబు రాసుకోండి: ఈ మనిషి ఎందుకు అరవకూడదు? ఈ జవాబు లేకుండా సీను మొదలుపెట్టొద్దు. గోర్డన్ పాత్రలు చూడండి: మేయర్, హైస్కూల్ ప్రిన్సిపాల్, బ్యాంకర్. అందరికీ ఒక హోదా ఉంది, దాన్ని కాపాడుకోవాలన్న తాపత్రయం ఉంది. ఎదుట ఉన్నవాళ్ళు నిజాయితీగానే అడుగుతున్నారు, వాళ్ళ మీద విరుచుకుపడితే పరువు పోతుంది. మన ఆఫీసరుకైతే ఎదుట ఉన్నది అమ్మ వయసు మనిషి. ఆ మర్యాదే ఆయన్ని కట్టిపడేస్తుంది. ఆ కట్టు ఎంత గట్టిగా ఉంటే సీను అంత పండుతుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్న, ‘ఏ కాలికి బాబూ?’ దగ్గర ఆగండి. ఇక్కడ కోపం లేదు. వినపడింది సరిగ్గానేనా అన్న అనుమానం మాత్రమే. ఒక క్షణం ఆవిడ ముఖం వైపు చూసి, చిన్నగా నవ్వి మాట్లాడండి. రెండో ప్రశ్నకి ఆ నవ్వు పెదాల మీద అలాగే ఉండాలి, కళ్ళలో ఉండకూడదు. ‘నేను కట్టుకోలేదమ్మా’ దగ్గర గొంతు పెంచాలనిపిస్తుంది. తగ్గించండి. ఒక్కో పదాన్ని విడివిడిగా, చిన్నపిల్లలకి చెప్పినట్టు పలకండి. ‘అన్నాను. కానీ కట్టుకోలేదు’ అనేచోట రెండు వాక్యాల మధ్య ముక్కుతో పూర్తిగా ఊపిరి పీల్చండి. పైకి వినపడాలి. సీనుకి ప్రాణం ఈ ఊపిరి. నాకైతే ఆ తడబాటు కంటే ఇదే ముఖ్యం, ఎందుకంటే పేలుడు రాబోతోందని చూసేవాళ్ళకి ఇక్కడే తెలుస్తుంది. ‘తిరిగాను!’ ఒక్కటే పెద్ద గొంతు. ఆ తర్వాతి గజిబిజిలో కోపం కంటే భయం ఎక్కువ ఉండాలి. తన నోరు తన మాట వినడంలేదని ఆయనకే అర్థమవుతోంది. తడబాటులోని పదాలు మాత్రం రాసినట్టే, ఒక్క అక్షరం పొల్లుపోకుండా రావాలి. నిజంగా తడబడితే ఎవరికీ నవ్వు రాదు. చివరి నిశ్శబ్దాన్ని మీకు ఇబ్బంది అనిపించేదాకా సాగదీసి, ‘వెళ్ళొస్తానమ్మా’ని మొదటి డైలాగంత మర్యాదగా అనండి.

రేడియో నుంచి టీవీకి వచ్చేటప్పటికి గోర్డన్‌కి ఒక మంచి అవకాశం చేజారింది. ‘మై ఫేవరెట్ హజ్బెండ్’ అనే రేడియో కార్యక్రమంలో హాస్యనటి లూసిల్ బాల్‌తో కలిసి పనిచేశాడు కాబట్టి, 1951లో ఆమె టీవీ కార్యక్రమం ‘ఐ లవ్ లూసీ’ మొదలైనప్పుడు ఇంటి యజమాని ఫ్రెడ్ మెర్ట్జ్ పాత్రకి ముందు ఆయన్నే అనుకున్నారు. అప్పటికే ‘అవర్ మిస్ బ్రూక్స్’లో ప్రిన్సిపాల్ ఆస్‌గుడ్ కాంక్లిన్‌గా ఒప్పుకుని ఉన్నందువల్ల కుదరలేదు. పాత్ర విలియం ఫ్రాలీకి వెళ్ళింది. గోర్డన్ 1952లో ‘ఐ లవ్ లూసీ’లోనే రెండు ఎపిసోడ్లలో క్లబ్బు యజమానిగా వచ్చి వెళ్ళాడు. 1962లో ‘డెన్నిస్ ద మెనేస్’లో మిస్టర్ విల్సన్‌గా నటిస్తున్న జోసెఫ్ కెర్న్స్ చనిపోతే, ఆ ఖాళీలోకి విల్సన్ సోదరుడి పాత్రలో గోర్డన్‌ని తెచ్చారు. మరుసటి ఏడు ‘ద లూసీ షో’లో బ్యాంకర్ మూనీ అయ్యాడు. అక్కడి నుంచి ‘హియర్స్ లూసీ’లో హ్యారిసన్ కార్టర్‌గా 1974 దాకా లూసిల్ బాల్ పక్కనే ఉన్నాడు.

కాంక్లిన్, మూనీ ఇద్దరూ చిరాకు మనుషులే అయినా నేను మీకు ముందు చూడమనేది కాంక్లిన్‌నే. టీచర్ మిస్ బ్రూక్స్‌గా ఈవ్ ఆర్డెన్ ఒక్కో మాటా అంటుంటే కాంక్లిన్ దాన్ని మింగడం కనిపిస్తుంది. ‘హియర్స్ లూసీ’కి వచ్చేసరికి రచయితలు కొన్నిచోట్ల ఆయన చేత తలుపు తీస్తూనే అరిపించారు. గొంతు అదే, మనిషి అదే, కానీ ఎక్కడానికి మెట్లు తీసేశారు. రెండూ ఒకరోజే పక్కపక్కన చూస్తే ఈ పాఠంలో నేను చెప్పదలచుకున్నది మీకే తెలుస్తుంది.

ఒక మాట లూసిల్ బాల్ వైపు నుంచి కూడా. ‘ఐ లవ్ లూసీ’ని మూడు కెమెరాలతో, ఎదురుగా ప్రేక్షకుల్ని కూర్చోబెట్టి సినిమా ఫిల్మ్ మీద తీశారు. తర్వాతి లూసీ కార్యక్రమాలు కూడా అదే దారిలో నడిచాయి. జనం నవ్వుతున్నంతసేపూ నటులు ఆగాలి, ఆగినట్టు కనపడకూడదు. ఆమె ఏదో ఘనకార్యం చేస్తుంది, హాలు గొల్లుమంటుంది, ఆ నవ్వు తగ్గేదాకా గోర్డన్ ఆమెనే చూస్తూ నిలబడాలి. కోపం ఆపుకోవడం వచ్చినవాడికి ఆ ఖాళీ సమయంలో చేతినిండా పని ఉంటుంది. చూపు బిగుస్తుంది, దవడ కదులుతుంది, నవ్వు ఇంకా పెరుగుతుంది. ఆ నవ్వు హీరోయిన్ ఖాతాలోకే వెళ్తుంది, వెళ్ళాలి కూడా. క్యారెక్టర్ ఆర్టిస్ట్ పని అది. దాన్ని దశాబ్దాలపాటు మనస్ఫూర్తిగా చేసినందుకే గోర్డన్ అంటే నాకంత గౌరవం. 1986లో ‘లైఫ్ విత్ లూసీ’ మొదలయ్యేనాటికి ఆయనకి 80 ఏళ్ళు. అప్పుడూ ఆమె పక్కన ఆయనే.

ఈ వారం సాధన: బలపం సీనుని ఇంట్లో ఎవరితోనైనా కలిసి ఫోన్‌లో రికార్డ్ చేయండి. పెద్దావిడ డైలాగులు చదివేవాళ్ళకి ఒకటే చెప్పండి, నవ్వించే ప్రయత్నం చేయొద్దని. ఆవిడకి నిజంగానే ఆ కాలు గురించి బెంగ. రికార్డింగుని మొదట స్క్రీన్ బోర్లించి గొంతు మాత్రమే వినండి, కోపం ఏ డైలాగ్ దగ్గర మొదలైందో కాగితం మీద రాయండి. తర్వాత సౌండ్ తీసేసి చూడండి, మళ్ళీ రాయండి. ముఖంలో గొంతు కంటే ముందే కోపం కనిపించిందా, చాలా బాగుంది. గొంతే ముందు బయటపడితే ఆ ఊపిరి దగ్గరికి వెళ్ళి మళ్ళీ చేయండి.

వచ్చే పాఠం గదిలోకి రావడం, గదిలోంచి వెళ్ళడం గురించి. తలుపు చప్పుడైనా ఇంట్లోవాళ్ళు విసుక్కోని గది ఒకటి చూసిపెట్టుకోండి.