ల్యాబ్ జాగ్రత్తలు – 6వ పాఠం: ముందు క్యాన్ మీద లేబుల్ చూడండి

పోయిన పాఠంలో ఒలికిన రక్తాన్ని ఎలా శుభ్రం చేయాలో చెప్పి, చివర్లో ఒక పని ఇచ్చాను. క్రిములను చంపే హైపో, అంటే సోడియం హైపోక్లోరైట్ ద్రావణం, 1 శాతంది ఒక లీటరు కలిపి, ఎలా కలిపారో రాసి పంపమన్నాను. పంపారు. అవి చదివాక ఈసారి రావలసిన ఆటోక్లేవ్ (ఒత్తిడి ఆవిరితో క్రిములను చంపే యంత్రం) పాఠాన్ని వాయిదా వేశాను.

ఎక్కువ మంది రాసింది ఒకటే: ‘ఒక వంతు హైపో, తొమ్మిది వంతుల నీళ్లు.’ గోడ మీది చార్టులో అలాగే ఉందట. ఒకరు ఒక వంతు హైపోకి పది వంతుల నీళ్లు పోశారు, 1:10 అంటే అదే కదా అని. ఇంకొకరు 1 శాతం అని రాసి ఉన్న రెడీమేడ్ సీసానే తెచ్చుకుని, దాన్ని కూడా పదింతలు పలచన చేశారు. ఆయన బకెట్‌లో చివరికి మిగిలింది 0.1 శాతం. శుభ్రంగా ఉన్న బెంచీ తుడవడానికి సరిపోతుంది గానీ, రక్తం ఒలికిన చోట దాన్ని నమ్ముకోలేం.

తప్పు కొంత నాదే. క్యాన్ మీద ఎంత శాతం అని ఉందో చూడమని నేను చెప్పలేదు, అది అందరూ చూస్తారులే అనుకున్నాను. గ్లౌజులు, మాస్కు, ఏప్రాన్ మాత్రం మళ్లీ చెప్పను. అవి లేకుండా బెంచీ దగ్గరికి వెళ్లేవాళ్లు మొదటి పాఠానికి వెళ్లండి.

ఇంట్లో అన్నం వండటం చూశారుగా. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు అంటే గిన్నెలో పడేవి మొత్తం మూడు గ్లాసులు. అక్కడ ఎవరికీ అనుమానం రాదు. పైగా పాత బియ్యం సంచి అయిపోయి కొత్త బియ్యం వస్తే నీళ్లు తగ్గించాలని అమ్మకు తెలుసు. మనం మాత్రం క్యాన్ మారినా పాత కొలతే పోస్తాం.

లెక్క ఇది. క్యాన్ మీది శాతాన్ని మీకు కావలసిన శాతంతో భాగించండి. వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేయండి. మిగిలినవి ఒక వంతు హైపోకి పోయాల్సిన నీళ్ల వంతులు. 5 శాతం క్యాన్ నుంచి 1 శాతం కావాలంటే నాలుగు వంతుల నీళ్లు. 4 శాతం క్యాన్ అయితే మూడు. 10 శాతం అయితే తొమ్మిది. అంటే మీ గోడ మీది చార్టు 10 శాతం క్యాన్ ఉన్నవాళ్లది. మీ దగ్గర ఉన్నది 5 శాతం అయితే ఆ కొలతతో వచ్చేది 0.5 శాతమే. ఒకటికి పది పోసినవారిది 0.45. తిరగేసి చూడండి: 10 శాతం క్యాన్‌కి నాలుగు వంతుల నీళ్లే పోస్తే 2 శాతం వస్తుంది. క్రిములు చస్తాయి, దాంతో రక్తం గొట్టాలు తిప్పే సెంట్రిఫ్యూజ్ కూడా తుప్పు పడుతుంది, మీ కళ్లూ మండుతాయి.

అందుకే నేను 1:10 అని ఎప్పుడూ రాయను. ఒకరు దాన్ని పదిలో ఒకటి అని చదువుతారు, ఇంకొకరు ఒకటికి పది అని చదువుతారు. 1+4, 1+9 అని రాస్తే ఏ గొడవా ఉండదు. మీరూ అలాగే రాయండి.

ఒకరు ‘నిబంధనల్లో 10 శాతం అని ఉంది కదండీ’ అని అడిగారు. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల్లో అలా ఉన్న మాట నిజమే. 2018 సవరణలో దాన్ని 1 నుంచి 2 శాతానికి మార్చారు. పాత చార్టులే ఇంకా గోడల మీద ఉన్నాయి.

రోజూ కొలజాడీ తీసే ఓపిక నాకు లేదు. నా 5 శాతం క్యాన్ కోసం తెల్ల బకెట్‌కి పర్మనెంట్ మార్కర్‌తో రెండు గీతలు గీసుకున్నాను. కింది గీత దాకా 4 లీటర్ల నీళ్లు, ఆ పైన 5 లీటర్ల గీత దాకా హైపో. ముందు నీళ్లు పోస్తే చిందదు. గీతలు బయటివైపే గీయండి, లోపల గీస్తే హైపో చెరిపేస్తుంది. క్యాన్ శాతం మారితే గీతలూ మారాలి. ఏ రోజుది ఆ రోజే కలపాలి. అసలు క్యాన్ కూడా ఎండకి, వేడికి బలం కోల్పోతుంది. మే నెలలో కిటికీ పక్కన పెట్టిన క్యాన్ మీది లేబుల్‌ని నేనైతే నమ్మను. అందుకే పెద్ద క్యాన్ చవకైనా చిన్నదే కొంటాను.

ఇండెంట్‌లో, అంటే సరుకులు కావాలని రాసే కాగితంలో, ఉత్త ‘హైపో’ అని రాయకండి. ఫొటోలు కడిగేవాళ్ల హైపో సోడియం థయోసల్ఫేట్. అది క్లోరిన్‌ని విరిచేస్తుంది. సోడియం హైపోక్లోరైట్ అని పూర్తిగా రాయండి.

మిగిలిన హైపోని స్టెయినింగ్ సింకులో (స్లైడ్లకి రంగు వేసే చోట) పారబోయొచ్చా అని ఇద్దరు అడిగారు. వద్దు. నేను కొత్తగా చేరిన రోజుల్లో ఒక చిన్న ల్యాబ్‌లో ఆ పని చేశాను. అప్పుడే టీబీ పరీక్షకి రంగు వేసిన కళ్లె స్లైడ్ల మీది సల్ఫ్యూరిక్ యాసిడ్ ఆ సింకులోకే కడిగాను. దాని వెనకే హైపో బకెట్ వంచాను. గొంతు పట్టేసినట్టయింది, దగ్గు ఆగలేదు. వచ్చింది క్లోరిన్ వాయువు. బయటికి పరుగెత్తి వరండాలో అరగంట కూర్చున్నాను. మూత్రం డబ్బాల్లోనూ హైపో పోయకండి, అమోనియాతో కలిస్తే క్లోరమైన్లనే విషవాయువులు పుడతాయి. హైపోలో నానినవాటిని ఆటోక్లేవ్‌లోనూ పెట్టకూడదు.

సూది గుచ్చుకున్న వేలిని హైపోలో ముంచానని రాసినవారికి: ఇంకెప్పుడూ అలా చేయకండి. వేలిని పిండకండి, సబ్బుతో పారే నీళ్ల కింద కడగండి. వెంటనే మీ డాక్టరుకి చెప్పండి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, అది కూడా ఎంత తొందరగా అయితే అంత మంచిది.

ఇక అభ్యాసం. ఈసారి కొంచెం కష్టమే. మీ ల్యాబ్‌లో ఉన్న ప్రతి హైపో క్యాన్ మీది శాతం, తయారీ తేదీ, తెరిచిన తేదీ ఒక కాగితం మీద రాయండి. తెరిచిన తేదీ రాసి లేకపోతే ‘లేదు’ అనే రాయండి. తర్వాత నేల మీద 10 మిల్లీలీటర్ల ఎర్ర రంగు నీళ్లు ఒలకబోయండి. పాత న్యూస్‌పేపర్ కప్పి పీల్చనివ్వండి, టిష్యూ కన్నా నాకు అదే నచ్చుతుంది. ఆ పేపర్ మీద 1 శాతం హైపోని బయటి అంచు నుంచి లోపలికి పోస్తూ రండి. స్ప్రే కొట్టకండి. గడియారం చూసుకుని 20 నిమిషాలు ముట్టుకోకుండా కూర్చోండి. ఆ 20 నిమిషాల్లో ఎన్నిసార్లు లేచి తుడిచేద్దామనిపించిందో కూడా రాయండి. చివరగా ఒక లెక్క: 4 శాతం క్యాన్ ఉంది, 6 లీటర్ల బకెట్ నిండా 1 శాతం కావాలి. ఎన్ని గీతలు, ఎక్కడెక్కడ?