ప్రీస్కూల్ టీచర్ ట్రైనీలకు ప్రాక్టీస్ సెంటర్ కుదిర్చి, ఖర్చు సర్దడం ఎలా?

ఏటా జూన్ వచ్చిందంటే ట్రైనింగ్ సంస్థల నుంచి నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. "మేడం, ఈ బ్యాచ్‌లో ఇరవై మంది అమ్మాయిలున్నారు, ప్రాక్టీస్‌కు ఎక్కడైనా చోటు చూపించండి." చోటుకేం కొదవ? ఒక్క తెలంగాణలోనే 35,700 అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి, టౌనులో సందుకో ప్లే స్కూల్ ఉంది. అసలు తంటా అంతా చోటు దొరికాకే. ఆరు వారాలు తిరిగొచ్చిన అమ్మాయికి ఒక్క కథ చెప్పడం రాదు, చార్టులు కత్తిరించడం మాత్రం బ్రహ్మాండంగా వస్తుంది. అలా జరగకూడదంటే ఇలా చేయండి.

1. సామగ్రి

ఐడీ కార్డు, ఒరిజినల్ ఆధార్, మెడికల్ సర్టిఫికెట్, పోలీస్ వెరిఫికేషన్, ఒక లాంగ్ నోట్‌బుక్. అంతే. చీర వద్దు, చుడీదారే. నేల మీద కూర్చుని లేచే పని ఇది. చున్నీకి సేఫ్టీ పిన్ను అసలే వద్దు, ఒళ్లో కూర్చున్న పిల్లవాడికి గుచ్చుకుంటుంది.

2. ఎప్పుడు

జూలై రెండో వారంలో మొదలుపెట్టి దసరా సెలవుల లోపు ముగించండి. జూన్‌లో పిల్లలంతా ఏడుస్తుంటారు, కొత్త ముఖం కనిపిస్తే ఇంకా ఏడుస్తారు. మొదటి రోజు బుధవారం అయి ఉండాలి. ఆదివారం ఇంట్లో గడిపొచ్చిన పిల్లలతో సోమవారం టీచర్‌కే ఊపిరాడదు, ట్రైనీని ఎవరు పట్టించుకుంటారు?

3. అనుమతి

అంగన్‌వాడీలకైతే జిల్లా సంక్షేమ అధికారికి లెటర్ ఇచ్చి, ఒక కాపీ సీడీపీఓకు, అంటే ఆ ప్రాంతం అంగన్‌వాడీలను చూసే ప్రాజెక్టు అధికారికి, ఇవ్వండి. తర్వాత ఆ సెక్టార్ సూపర్‌వైజర్‌ను కలవండి. ఏ సెంటర్‌లో టీచర్ పిల్లలతో నిజంగా ఆటపాటలు చేయిస్తుందో ఆమెకే తెలుసు. ప్రైవేటు ప్లే స్కూల్‌కైతే నేరుగా వెళ్లండి, ఫోన్లో మాట్లాడుకోకండి. ఒక్కో చోట ఇద్దరికి మించి వద్దు. ముగ్గురుంటే వాళ్లలో వాళ్లే కబుర్లు చెప్పుకుంటారు.

"మీరే వెతుక్కోండి" అని ట్రైనీలకు వదిలేసే సంస్థలు కొన్ని ఉన్నాయి. అది శుద్ధ తప్పు. ఆ అమ్మాయి ఇంటి పక్కన తెలిసినవాళ్ల స్కూల్ చూసుకుంటుంది. హాజరు వేసుకుని పదకొండింటికల్లా ఇంటికొచ్చేస్తుంది.

మూడు వారాలు అంగన్‌వాడీ, మూడు వారాలు ప్రైవేటు. నా బ్యాచ్‌లో ఎవరికైనా ఇదే పద్ధతి. ప్రైవేటులో మూడేళ్ల పిల్లల చేత ఏబీసీడీలు రాయించడం చూస్తారు, అంగన్‌వాడీలో మూడేళ్లవాడూ ఐదేళ్లవాడూ ఒకే గదిలో ఉంటే ఎలా నెట్టుకురావాలో నేర్చుకుంటారు. రెండూ చూడనివాళ్లను నేను టీచర్లనను.

4. పని కాగితం: ఇక్కడ తొందర పడకండి

కొన్నేళ్ల క్రితం ఒక ప్లే స్కూల్‌కు పంతొమ్మిదేళ్ల అమ్మాయిని పంపాను. నోటి మాట మీద పంపాను, తప్పు నాదే. మూడో వారంలో ఒకరోజు రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసింది. "మేడం, నాకు పిల్లల దగ్గర కూర్చునే టైమే దొరకట్లేదు." పొద్దున రిసెప్షన్‌లో ఫోన్లు ఎత్తడం, తర్వాత ఆయా రాలేదని బాత్‌రూమ్ డ్యూటీ, మధ్యాహ్నం అడ్మిషన్ల పాంప్లెట్లు పట్టుకుని అపార్ట్‌మెంట్ల చుట్టూ తిరగడం. ఆమె నోట్‌బుక్ తిరగేస్తే పదిహేడు రోజుల్లో పాఠం గురించి రాసుకున్నది రెండు పేజీలు. ఆ మర్నాటి నుంచి కాగితం మీద సంతకం లేకుండా ఒక్కరినీ పంపలేదు.

కాగితం ఒక్క పేజీ ఉండాలి, తెలుగులో ఉండాలి. మూడు పేజీల ఇంగ్లిష్ ఒప్పందం చేసుకునేవాళ్లను చూశాను. దాన్ని ఎవరూ చదవరు, సంతకం పెట్టి బీరువాలో పెడతారు. ఆ ఒక్క పేజీలో ఇవి రాయండి.

మొదటిది, మెంటర్ టీచర్ పేరు. "మా స్టాఫ్ చూసుకుంటారు" అంటే ఎవరూ చూసుకోరని అర్థం. రెండేళ్లయినా అనుభవం ఉన్న ఒక మనిషి పేరు కావాలి.

రెండోది, వారం వారీ పని. మొదటి వారం చూడడం, పిల్లల పేర్లు నేర్చుకోవడం. రెండో వారం ఐదుగురు పిల్లలకు కథ. మూడో వారం పిల్లలందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి పాట, మాట. కొత్త చోటుకు మారాక మొదటి రెండు రోజులు మళ్లీ చూడడమే. చివరి వారంలో ఒక పూటంతా తనే నడపాలి, మెంటర్ గదిలోనే ఉండాలి.

మూడోది, చేయించకూడని పనులు. ట్రైనీని పిల్లలతో ఒంటరిగా వదలకూడదు. పిల్లలను ఒక్కతే బాత్‌రూమ్‌కు తీసుకెళ్లకూడదు. అడ్మిషన్లకు తిప్పకూడదు. అంగన్‌వాడీలో అయితే పోషణ్ ట్రాకర్, అంటే అంగన్‌వాడీ వివరాలు ఎక్కించే ఫోన్ యాప్, ఎంట్రీలు ఆమె నెత్తిన పెట్టకూడదు. ఫోన్ చకచకా నొక్కే అమ్మాయి కనిపిస్తే ఏ టీచర్‌కైనా ఆశ పుడుతుంది, ఆ టీచర్ మీద ఉన్న పనిభారం చూస్తే ఆమెను తప్పు పట్టలేం కూడా. అయినా ఒప్పుకోకండి.

ఒక్క విషయంలో పొరబడకండి. ముక్కు తుడవడం, తడిసిన నిక్కరు మార్చడం ఈ వృత్తిలో భాగమే. ఆయా పక్కన ఉండగా, వంతుల ప్రకారం ట్రైనీ కూడా చేయాలి. "నేను ఆయాను కాదు" అన్న ఒక అమ్మాయిని వారం మధ్యలో నేనే వెనక్కి పిలిపించాను.

నాలుగోది, పిల్లల భద్రత. వాట్సాప్ స్టేటస్‌లో పిల్లల ఫొటోలు పెట్టకూడదు, ఎంత ముద్దొచ్చినా సరే. ఏదైనా అనుమానం వస్తే ముందు ఎవరికి చెప్పాలో కాగితం మీదే రాయండి. 2012 పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసి చెప్పకపోవడం కూడా నేరమే. ఈ ముక్క ట్రైనీకీ, మెంటర్‌కూ ఒకే రోజు, ఒకే గదిలో చెప్పండి.

ఇక ఈ కాగితం ఇచ్చి వచ్చేయకండి. ఓనర్‌నూ మెంటర్‌నూ ఎదురుగా కూర్చోబెట్టి పైకి చదవండి. ప్రతి లైన్ దగ్గర ఆగండి. మెంటర్ ముఖం చూడండి. ఆమెకు ఈ సంగతి అప్పుడే తెలుస్తున్నట్టుంటే, ఇంకో రోజు వస్తామని చెప్పి లేవండి. ఓనర్ కాగితం పక్కకు నెట్టి "అవన్నీ మేం చూసుకుంటాంలెండి మేడం" అన్నారనుకోండి, ఇచ్చిన టీ తాగి, దండం పెట్టి వచ్చేయండి. అలా లేచి వచ్చిన చోట్లు నాకు బోలెడున్నాయి, ఒక్కదానికీ బాధపడలేదు.

5. డబ్బు

బస్సు ఖర్చు ఇప్పుడు పెద్దగా లేదు. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్టే. ఖర్చల్లా బస్టాప్ నుంచి సెంటర్‌కు ఆటో. రోజుకు 30 రూపాయలు, 36 రోజులకు 1,080. బోధన సామగ్రికి 500, రెండు చోట్ల మెంటర్లకూ కలిపి 1,000. మనిషికి 2,580, ఇరవై మందికి 51,600. నా లెక్క ఇది, మీ ఊరి ఆటో రేటును బట్టి మార్చుకోండి.

ఈ మొత్తం కోర్సు ఫీజులోంచి అడ్మిషన్ రోజే పక్కన పెట్టండి. మధ్యలో "తలా ఇంత తెండి" అంటే ముందు మానేసేది పేదింటి పిల్లే. అంగన్‌వాడీ టీచర్‌కు మాత్రం డబ్బు కవర్ ఇవ్వకండి, ఆమెకే ఇబ్బంది. ఆ వెయ్యిలో ఆమె వాటాతో చెక్క బ్లాకులో, పూసలో కొని సెంటర్‌కు ఇచ్చి, స్టాక్ రిజిస్టర్‌లో రాయించండి.

బయటి సాయం కావాలంటే ఊళ్లోని రోటరీ, లయన్స్ క్లబ్బులను అడగండి. బొమ్మల కిట్లు వాళ్లు సులువుగా ఇస్తారు. కంపెనీలు సమాజ సేవకు కేటాయించే సీఎస్‌ఆర్ నిధుల కోసం వెళ్లాలంటే మీది ట్రస్టో, సొసైటీయో, లాభాపేక్ష లేని కంపెనీయో అయి, ఆ నిధులు తీసుకోవడానికి కావలసిన సీఎస్‌ఆర్-1 రిజిస్ట్రేషన్ ఉండాలి. అది లేకుండా ఫైలు పట్టుకుని తిరిగితే చెప్పులు అరుగుతాయి.

కేంద్రం అప్రెంటిస్‌షిప్ పథకం, అదే నాప్స్, సంగతి చాలామంది అడుగుతారు. అందులో స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 మించకుండా, కేంద్రం భరిస్తుంది. మిగతాది స్కూల్ ఇవ్వాలి. నలుగురికన్నా తక్కువ సిబ్బంది ఉన్న ప్లే స్కూల్‌కు అప్రెంటిస్‌లను పెట్టుకునే వీలే లేదు. పైగా అది నెలల తరబడి సాగే ఒప్పందం. ఆరు వారాల ప్రాక్టీస్‌కు దాన్ని నమ్ముకోకండి, కోర్సు అయ్యాక చూసుకోండి.

6. చూసి రావడం, ముగింపు

చెప్పకుండా వెళ్లండి, రెండో వారంలో ఒకసారి, ఐదో వారంలో ఒకసారి. వెళ్లగానే నోట్‌బుక్ అడగకండి. ఏదో ఒక పిల్లవాణ్ని చూపించి "వీడి పేరేంటి, ఏం తినడు?" అని ట్రైనీని అడగండి. టక్కున చెప్పిందంటే పిల్లల మధ్యే ఉందన్నమాట. మెంటర్ డబ్బు చివరి రోజునే, హాజరు పట్టీ మీద సంతకం పెట్టిన చేతికే ఇవ్వండి. "వచ్చే నెల పంపిస్తాం" అని మీరు చెప్పి వచ్చిన సెంటర్‌లో మరుసటి ఏడాది మీకు చోటు ఉండదు.