మీ పనికి ఏ ఆపరేటింగ్ సిస్టమ్? మార్చే ముందే పరీక్షించి తేల్చుకునే పద్ధతి

విండోస్ మంచిదా, మ్యాక్‌ఓఎస్ మంచిదా, లినక్స్ మంచిదా అని అడిగితే ఎవరికి అలవాటైనది వాళ్లు చెబుతారు. ఆ జవాబులు మీకు పెద్దగా పనికిరావు. చూడాల్సినవి మూడు: మీ సాఫ్ట్‌వేర్ నడుస్తుందా, భద్రతా అప్‌డేట్లు ఎప్పటిదాకా వస్తాయి, మీ మెషీన్ మీద నిలకడగా ఉంటుందా. వీటిని ఇదే వరసలో చూడండి. రోజూ వాడే ప్రోగ్రామ్ ఒక్కటి నడవకపోయినా ఆ ఓఎస్ మీకు దండగే కాబట్టి సాఫ్ట్‌వేర్ ముందు. భద్రత సంగతి చాలావరకు తేదీలు చూస్తేనే తెలుస్తుంది. నిలకడ మాత్రం నడిపి చూస్తే తప్ప తెలియదు. దానికి కనీసం వారం పడుతుంది.

సాఫ్ట్‌వేర్ జాబితా

విండోస్‌లో సెట్టింగ్స్, యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్ తెరిస్తే ఉన్నవన్నీ కనిపిస్తాయి. మ్యాక్‌లో అయితే అప్లికేషన్స్ ఫోల్డర్ చాలు. అందులో మీరు నిజంగా వాడేవన్నీ ఒక షీట్‌లో రాసుకోండి. రోజూ వాడేవి ఎలాగూ గుర్తుంటాయి. ఇబ్బంది పెట్టేవి ఎప్పుడో ఒకసారి తెరిచేవే: ఏడాది చివర్లో మాత్రమే వాడే లెక్కల ప్రోగ్రామ్, స్కానర్‌తో పాటు వచ్చిన సాఫ్ట్‌వేర్, ఆఫీసు వీపీఎన్, యూఎస్‌బీ డాంగుల్ గుచ్చితేనే తెరుచుకునే డిజైన్ ప్యాకేజీ. ఒక్కోదాని ఎదురుగా మూడింటిలో ఒకటి రాయండి: బ్రౌజర్‌లో నడుస్తుంది, బదులు ఇంకోటి వాడొచ్చు, ఇదే కావాలి. ‘ఇదే కావాలి’ అని రాసిన వరసలే మీ ఓఎస్‌ను నిర్ణయిస్తాయి.

పేరు ఒకటే అయినంత మాత్రాన ప్రోగ్రామ్ ఒకటే అనుకోవద్దు. మ్యాక్‌లో మైక్రోసాఫ్ట్ ఎక్సెల్ ఉంది కానీ పెద్ద డేటాను కలిపి విశ్లేషించే పవర్ పివట్ లేదు. విజువల్ బేసిక్ మాక్రోలు నడుస్తాయి, యాక్టివ్‌ఎక్స్ బటన్లు పెట్టిన షీట్లు నడవవు. యాక్సెస్ డేటాబేస్ ప్రోగ్రామ్ మ్యాక్‌కు రానే లేదు. లినక్స్‌కు డెస్క్‌టాప్ మైక్రోసాఫ్ట్ ఆఫీస్ గానీ ఫోటోషాప్ గానీ లేవు. లిబ్రేఆఫీస్‌తో సరిపెట్టుకోవాలనుకుంటే ముందు దాన్ని ఇప్పుడున్న విండోస్‌లోనే ఇన్‌స్టాల్ చేసి, మీ దగ్గరున్న అతి చిక్కు ఫైలు తెరవండి: ట్రాక్ చేసిన మార్పులు, పట్టికలు, పేజీ హెడర్లు అన్నీ ఉన్నది. పేజీల సంఖ్య మారిందా, పట్టిక గీతలు కదిలాయా చూడండి. అయితే విండోస్‌లో కాలిబ్రి, కాంబ్రియా ఫాంట్లు ఎలాగూ ఉంటాయి కాబట్టి ఫాంట్ల తేడా అక్కడ బయటపడదు. లినక్స్‌లో అవి ఉండవు. అదే కొలతలతో చేసిన కార్లిటో, కాలడియా ఫాంట్లు వేసుకుంటే వరసలు విరిగే చోటు చాలావరకు అలాగే నిలుస్తుంది.

విండోస్ ప్రోగ్రామ్‌లను లినక్స్‌లో నడిపించే వైన్, ఆటల కోసం దాని మీద కట్టిన ప్రోటాన్ ఇప్పుడు బాగా ఎదిగాయి. వైన్‌హెచ్‌క్యూ, ప్రోటాన్‌డీబీ సైట్లలో మీ ప్రోగ్రామ్ పేరుతో వెతికితే ఇతరుల అనుభవాలు దొరుకుతాయి. రేటింగ్ ఒక్కటే చూడకుండా, ఏ వెర్షన్ మీద ఎప్పుడు పరీక్షించారో కూడా చదవండి. కెర్నెల్ (ఓఎస్ లోపలి మూల భాగం) దాకా వెళ్లి మోసాలను పట్టే యాంటీ చీట్ ఉన్న ఆన్‌లైన్ ఆటల మీద ఆశ వదులుకోవాలి. వాలరెంట్ లినక్స్‌లో ఆడలేరు. లైసెన్స్ డాంగుల్‌తో నడిచేవీ వైన్‌లో చాలాసార్లు మొండికేస్తాయి. దానికి కావాల్సింది విండోస్ డ్రైవర్, వైన్‌లో విండోస్ కెర్నెల్ ఉండదు.

ఇక ప్రాసెసర్ సంగతి. ఆపిల్ సొంత ఎం1 చిప్ నుంచి వచ్చిన మ్యాక్‌లన్నీ ఆర్మ్ చిప్‌లవే, అంటే ఇంటెల్ కన్నా వేరే రకం ప్రాసెసర్లవి. ఇంటెల్ కోసం రాసిన మ్యాక్ ప్రోగ్రామ్‌లను రోసెటా 2 నడిపిస్తుంది కానీ దాన్ని క్రమంగా తీసేస్తామని ఆపిల్ ఇప్పటికే ప్రకటించింది. యాక్టివిటీ మానిటర్ తెరిచి ‘కైండ్’ కాలమ్ చూడండి. ఎదురుగా ‘ఇంటెల్’ అని ఉన్నవి దాని మీద బతుకుతున్నవే. వాటికి కొత్త వెర్షన్ ఉందో లేదో ఇప్పుడే కనుక్కోండి. 32 బిట్ మ్యాక్ ప్రోగ్రామ్‌లు 2019లో వచ్చిన కాటలీనాతోనే ఆగిపోయాయి. ఆర్మ్ చిప్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్‌లలో మామూలు ప్రోగ్రామ్‌లు అనువాద పొర మీద నడుస్తాయి, డ్రైవర్లకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. ఆర్మ్ కోసం ప్రత్యేకంగా రాసిన డ్రైవర్ లేకపోతే పాత ప్రింటర్, పాత స్కానర్ పక్కన పెట్టాల్సిందే. కొత్త మ్యాక్‌లో ప్యారలల్స్ వేసి విండోస్ నడిపినా అది ఆర్మ్ విండోసే కాబట్టి అక్కడా ఇదే చిక్కు.

భద్రత: ముందు తేదీలు

ఏ ఓఎస్‌లో ఎన్ని లోపాలు బయటపడ్డాయో లెక్క వేసి పోల్చడం తప్పుదారి. ఒక లినక్స్ డిస్ట్రిబ్యూషన్ (ఉబుంటు, డెబియన్ లాంటి ఒక్కో లినక్స్ రకం) లెక్కలో వేల ప్యాకేజీల లోపాలు కలుస్తాయి, విండోస్ లెక్కలో మైక్రోసాఫ్ట్ రాసినవే ఉంటాయి. అడగాల్సింది ఒకటే: లోపం బయటపడ్డాక సవరణ నా మెషీన్‌కు చేరుతుందా? 2017 మే 12న డబ్బు గుంజే మాల్‌వేర్ వన్నాక్రై ప్రపంచమంతా కంప్యూటర్లకు తాళం వేసినప్పుడు, అది దూరిన కంతకు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ప్యాచ్ ఇచ్చి ఉంది. దెబ్బతిన్నవి ఆ ప్యాచ్ వేసుకోనివి, సపోర్ట్ అయిపోయి ఆ ప్యాచ్ అందనివి.

విండోస్ 10 మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ముగిసింది. దాని తర్వాత విస్తరించిన భద్రతా అప్‌డేట్లకు నమోదు చేసుకోని మెషీన్‌ను ఇంటర్నెట్‌కు కలిపి ఉంచొద్దు. విండోస్ 11కు టీపీఎం 2.0 (భద్రతా కీలను దాచే చిప్), సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే రక్షణ) కుదిరే యూఈఎఫ్ఐ, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ కావాలి. ఇంటెల్‌లో సుమారుగా ఎనిమిదో తరం నుంచే అనుమతి. పీసీ హెల్త్ చెక్ యాప్ నడిపితే ఏది తక్కువైందో చెబుతుంది. టీపీఎం లేదని వస్తే తొందరపడొద్దు, చాలా బోర్డుల్లో అది బయాస్‌లో (ఓఎస్ కన్నా ముందు వచ్చే మదర్‌బోర్డ్ సెట్టింగ్స్‌లో) ఆపేసి ఉంటుంది. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ, ఏఎమ్‌డీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం పేరుతో ఉంటుంది, ఆన్ చేస్తే సరి. ఈ షరతులను దాటేసి విండోస్ 11 ఎక్కించే ఉపాయాలున్నా అలాంటి మెషీన్లకు అప్‌డేట్లకు హామీ లేదని మైక్రోసాఫ్ట్ చెప్పేసింది. పనికి వాడే కంప్యూటర్ మీద ఆ దారి మేం సిఫారసు చేయం. ఎక్కించిన తర్వాత కూడా హోమ్, ప్రో ఎడిషన్లలో ఒక్కో ఏటి వెర్షన్‌కు 24 నెలలే సపోర్ట్.

ఆపిల్ ముగింపు తేదీలు ముందుగా ప్రకటించదు. ఇప్పటివరకు నడిచిన అలవాటు ప్రకారం తాజా వెర్షన్‌కు, దాని ముందు రెండింటికి భద్రతా సవరణలు వస్తున్నాయి. పాత వెర్షన్లకు అన్ని సవరణలూ రావని ఆపిల్ స్వయంగా చెబుతుంది. ఇంటెల్ మ్యాక్‌లకు టాహో, అంటే మ్యాక్‌ఓఎస్ 26, ఆఖరిది. పాత ఇంటెల్ మ్యాక్ కొనబోయేవాళ్లు ఈ లెక్క ముందు వేసుకోవాలి.

లినక్స్‌లో మీరు ఎంచుకునే డిస్ట్రిబ్యూషన్‌ను బట్టి అంతా మారుతుంది. ఉబుంటు ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే విడుదల) రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో వస్తుంది, సపోర్ట్ ఐదేళ్లు. అయితే ఆ మామూలు హామీ ‘మెయిన్’ భాగంలోని ప్యాకేజీలకే. ‘యూనివర్స్’ భాగానికి ఉబుంటు ప్రో కావాలి, సొంత వాడకానికి ఐదు మెషీన్ల దాకా అది ఉచితం. డెబియన్ స్టేబుల్‌కు మూడేళ్లు, ఆపైన ఎల్‌టీఎస్ కింద మరో రెండేళ్లు. ఫెడోరా ఒక్కో విడుదలకు 13 నెలలే, అప్‌గ్రేడ్ చేసే ఓపిక లేకపోతే జోలికి పోవద్దు. కొత్తది ముందుగా చేతికి రావడంలో ముప్పు కూడా ఉంది. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ కంప్రెషన్ లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారని బయటపడింది. ఆ వెర్షన్లు టెస్టింగ్, రోలింగ్ విడుదలల్లోకి చేరాయి, డెబియన్ స్టేబుల్‌లోకి చేరలేదు.

క్రోమ్‌బుక్‌లో అప్‌డేట్లు ఆగే తేదీ సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. పాతది కొనేటప్పుడు అడిగి చూడండి.

తేదీలు కుదిరాక మిగిలేవి కొన్ని పనులు. రోజువారీ పనికి అడ్మిన్ కాని ఖాతా వాడండి, విండోస్‌లో మొదట తయారయ్యే ఖాతా అడ్మినే కాబట్టి ఇంకొకటి మీరే చేసుకోవాలి. డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్ చేయండి. విండోస్ ప్రోలో బిట్‌లాకర్, హోమ్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్, మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్. లినక్స్‌లో ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఎంచుకోవాలి, తర్వాత పెట్టడం పెద్ద తతంగం.

నిలకడ: మీ మెషీన్ మీదే పరీక్ష

ఓఎస్ ఊరికే కూలిపోవడం ఈ రోజుల్లో అరుదు. కూలిందంటే చాలావరకు డ్రైవరో, కెర్నెల్‌లోకి దూరిన మూడో పార్టీ సాఫ్ట్‌వేరో, పాడైన ర్యామో, డిస్కో కారణం. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్‌తో, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, 85 లక్షల విండోస్ మెషీన్లు నీలి తెర మీద ఆగిపోయాయి. దాని డ్రైవర్ కెర్నెల్‌లో ఉండడమే అందుకు కారణం.

అందుకే మార్చే ముందు ఇప్పుడున్నది ఎందుకు ఇబ్బంది పెడుతోందో చూడండి. విండోస్ స్టార్ట్ మెనూలో ‘రిలయబిలిటీ హిస్టరీ’ అని వెతికితే 1 నుంచి 10 దాకా గీసిన గ్రాఫ్ వస్తుంది. గీత పడిపోయిన రోజు మీద నొక్కితే కింద ఎర్ర గుర్తుతో ఏ ప్రోగ్రామ్ ఆగిందో, ఏ అప్‌డేట్ పడిందో తేదీతో సహా ఉంటుంది. ప్రతిసారీ ఒకే పేరు కనిపిస్తే తీసేయాల్సింది దాన్ని, విండోస్‌ను కాదు. ఒక్కోసారి ఒక్కో పేరుతో కూలుతుంటే మెమ్‌టెస్ట్86+ పెన్‌డ్రైవ్‌తో రాత్రంతా ర్యామ్ పరీక్షించండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ర్యామ్ మార్చాలి. చెడ్డ ర్యామ్ మీద ఏ ఓఎస్ వేసినా కూలుతుంది.

లినక్స్ చూడాలంటే 8 జీబీ లేదా పెద్ద పెన్‌డ్రైవ్ తీసుకుని, డిస్ట్రిబ్యూషన్ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ ఇమేజ్) ఫైలు పాడవలేదని చెక్‌సమ్‌తో సరిచూసి, పెన్‌డ్రైవ్‌లో రాసే రూఫస్ ప్రోగ్రామ్‌తో రాయండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. బయాస్‌లో చెయ్యి పెట్టేముందు బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. సెక్యూర్ బూట్ సెట్టింగ్ కదిలిందంటే తర్వాత విండోస్ ఆ కీ అడగొచ్చు, కీ లేకపోతే డేటా పోయినట్టే. విండోస్ ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆపండి. లేకపోతే అది సగం నిద్రలో ఉండి, లినక్స్ నుంచి విండోస్ డ్రైవ్‌లో ఏమీ రాయనివ్వదు.

ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే, అంటే లైవ్‌లో, బూట్ అయ్యాక వేగం చూసి తీర్పు చెప్పొద్దు, పెన్‌డ్రైవ్ మీద ఏదైనా నెమ్మదే. చూడాల్సింది హార్డ్‌వేర్. వైఫై కలిసి గంటసేపు తెగకుండా ఉందా? బ్లూటూత్ హెడ్‌సెట్‌లో మైక్ పలుకుతోందా? రెండో మానిటర్ పెడితే అక్షరాల సైజు సరిగా ఉందా? ప్రింటర్ ఒక పేజీ ఇచ్చిందా? అన్నిటికన్నా ముఖ్యం మూత పరీక్ష: ల్యాప్‌టాప్ మూత మూసి పది నిమిషాలాగి తెరవండి, వరసగా ఐదుసార్లు. ఒక్కసారైనా నల్ల తెర వచ్చినా, వైఫై తిరిగి రాకపోయినా ఆ మెషీన్‌కు ఆ డిస్ట్రిబ్యూషన్ ప్రస్తుతానికి సరిపోదు. కొత్త కెర్నెల్ ఉన్న ఇంకో విడుదలతో మళ్లీ చూడండి.

ఇది గట్టెక్కితే విడి ఎస్‌ఎస్‌డీని యూఎస్‌బీ 3 కేస్‌లో పెట్టి దాని మీద పూర్తిగా ఇన్‌స్టాల్ చేసి వారం పని చేయండి. ఆ ఇన్‌స్టాల్ జరిగేంతసేపు లోపలి డిస్క్‌ను ఊడదీయడమో బయాస్‌లో ఆపేయడమో మంచిది. కొన్ని ఇన్‌స్టాలర్లు బూట్‌లోడర్‌ను (ఓఎస్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్‌ను) మీరు చూపిన డిస్క్ మీద కాక లోపలి డిస్క్ ఈఎఫ్ఐ పార్టిషన్‌లో పెడతాయి. ఎన్‌విడియా కార్డ్ ఉంటే ఈ వారంలో ఒక కెర్నెల్ అప్‌డేట్ తప్పకుండా వేసి చూడండి. డ్రైవర్ మళ్లీ కట్టుకోలేకపోతే తెర నల్లబడుతుంది. అప్పుడు కంప్యూటర్ ఆన్ కాగానే వచ్చే గ్రబ్ మెనూలో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’ తెరిచి పాత కెర్నెల్ ఎంచుకుంటే బయటపడతారు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే డ్రైవర్ పెట్టేటప్పుడు ఒక పాస్‌వర్డ్ అడిగి, రీబూట్‌లో నీలి తెర మీద ‘ఎన్‌రోల్ ఎంఓకే’ అని వస్తుంది. అక్కడ అది ఎంచుకుని ఆ పాస్‌వర్డ్ ఇవ్వాలి. చాలామంది అది దాటేస్తారు, దాంతో డ్రైవర్ లోడ్ కాదు.

మ్యాక్ అయితే ఇలా ముందుగా నడిపి చూసే వీలు లేదు. మీ డాక్, మానిటర్, ప్రింటర్‌ల మోడల్ నంబర్లు రాసుకుని తయారీదారు పేజీలో ఏ మ్యాక్‌ఓఎస్ వెర్షన్ దాకా సపోర్ట్ ఉందో ఒక్కోటి చూడండి. బేసిక్ ఎం1, ఎం2 చిప్ ఉన్న మ్యాక్‌బుక్ ఎయిర్, మూత తెరిచినా మూసినా, మామూలుగా ఒక్క బయటి మానిటర్‌నే నడుపుతుంది. రెండు మానిటర్ల మీద పనిచేసేవాళ్లు కొన్నాక తెలుసుకునే సంగతి ఇది.

మార్పు ఖాయమయ్యాక పాత డిస్క్ మొత్తాన్ని ఇమేజ్‌గా బయటి డ్రైవ్ మీదకు తీసి, అందులోంచి ఒక ఫోల్డర్ వెనక్కి తెచ్చి తెరుచుకుంటుందో లేదో చూడండి. ఏడాదికోసారి తెరిచే ఆ లెక్కల ప్రోగ్రామ్ కొత్త చోట ఒకసారి పూర్తిగా పని ముగించేదాకా ఆ ఇమేజ్‌ను చెరపొద్దు.